సర్వాయి పాపడి పాటతో చరిత్ర పాఠం: భద్రపరచిన జానపద గేయాలను ఉన్నత పాఠశాలలో బోధించే విధానం

జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ కోట గోడల నీడన పెరిగిన పిల్లలకు, మొఘలుల కాలంలో ఆ కోట కట్టి తిరగబడిన సర్వాయి పాపన్న (పాటలో పాపడు) పేరు కొత్త కాదు. ఆ పేరు వాళ్లకు పాఠ్యపుస్తకం నుంచి రాలేదు, తాతల నోటి నుంచి, కథ చెప్పేవాళ్ల పాట నుంచి వచ్చింది. అదే పిల్లలు మొఘల్ సామ్రాజ్య పతనం అన్న పాఠంలో 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైందని, 1707లో ఔరంగజేబు మరణించాడని చదివి పరీక్షలో రాస్తారు. ఈ రెండూ ఒకే కాలానికి, ఒకే నేలకు చెందిన సంగతులని మాత్రం వాళ్లకు తోచదు. ఇంట్లో విన్న పాట ఇంట్లోనే, బడిలో చదివిన చరిత్ర బడిలోనే ఉండిపోతుంది. ఈ రెంటినీ ఒక పీరియడులో ఎదురెదురుగా కూర్చోబెట్టడం ఎలాగో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులకు వివరంగా చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతులను మనసులో పెట్టుకుని చెబుతున్నాను గానీ, ఆరేడు తరగతులకు కొంత సులువు చేసి కూడా వాడుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు ఉపాధ్యాయుడు తనకు తాను తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. పాటలో ఉన్నదంతా జరిగిందని నమ్మి చెప్పడం పొరపాటు, పాట కట్టుకథ అని పక్కన పెట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఒక సంఘటనను జనం ఎవరి వైపు నిలబడి గుర్తుపెట్టుకున్నారో, దానిలో దేన్ని నిలుపుకుని దేన్ని వదిలేశారో చెప్పే ఆధారం పాట. సంఘటన ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో చెప్పే ఆధారాలు వేరే ఉంటాయి, వాటికీ వాటి పక్షపాతాలు ఉంటాయి. ఈ రెండు రకాల ఆధారాల మధ్య కనిపించే తేడా దగ్గరే విద్యార్థి చరిత్రకారుడిలా ఆలోచించడం మొదలుపెడతాడు. కాబట్టి పాఠం ఆ తేడా చుట్టూనే నడవాలి.

మొదటి పని: పాటకన్నా ముందు ప్రశ్నను ఎంచుకోవడం

చాలామంది ఉపాధ్యాయులు మంచి పాట ఒకటి దొరకగానే దాన్ని తరగతిలో వినిపించి, అర్థం చెప్పి, పిల్లల చేత పాడించి ముగిస్తారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. పిల్లలు ఉత్సాహంగా పాడారు, పాటను పద్యంలా కంఠస్థం చేశారు. వారం తర్వాత దాని గురించి అడిగితే కథ చెప్పారే తప్ప ఒక్క చారిత్రక ప్రశ్నకూ జవాబు చెప్పలేకపోయారు. తప్పు వాళ్లది కాదు, నేను అడిగిన ప్రశ్నలే కథకు సంబంధించినవి.

అందుకని ముందుగా ఒక్క ప్రశ్నను రాసుకోవాలి. పాపడి పాటకు నేను వాడే ప్రశ్న ఇది: ‘మొఘల్ చరిత్రకారుడు దోపిడీదారు అని రాసిన మనిషిని జనం వీరుడిగా ఎందుకు పాడుకున్నారు?’ ఈ ప్రశ్నకు అవును, కాదు అన్న జవాబు సరిపోదు. దీనికి జవాబు వెతకాలంటే పన్నులు, కులవృత్తులు, రహదారులు, రాజధానిలో అధికారం కోసం జరిగిన పోరు అన్నీ తడమవలసి వస్తుంది. పాఠ్యప్రణాళికలోని మొఘల్ పతనం అధ్యాయానికి ఇది నేరుగా అతుకుతుంది, అదనపు పాఠం అన్న భారం ఉండదు.

రెండో పని: పాటను, దానికి ఎదురు నిలిచే పత్రాన్ని సంపాదించడం

సర్వాయి పాపడి పాటను ఎంచుకోవడానికి కారణం అది నా ప్రాంతానిది కావడం ఒక్కటే కాదు, దాని పాఠం ముద్రణలో చాలా ముందుగానే నిలిచి ఉండటం. జె.ఎ. బోయల్ అనే ఆంగ్లేయుడు 1874లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో తెలుగు వీరగాథల గురించి ప్రచురించిన వ్యాసంలో ఈ పాట ఉంది. ఆ పత్రిక పాత సంచికల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. పాటకు ఎదురు నిలిచే పత్రం చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారశీకంలో రాసిన మొఘల్ చరిత్ర. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించిన వ్యాసాన్ని జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు కలిసి 1980లో ప్రచురించారు. దక్కను సామాజిక చరిత్రపై రిచర్డ్ ఈటన్ 2005లో వెలువరించిన పుస్తకంలో పాపడి మీద ఒక పూర్తి అధ్యాయం ఉంది. ఉపాధ్యాయుడు ఈ రెండూ చదివి, పిల్లలకు అవసరమైన భాగాన్ని సొంత తెలుగులో ఒక పేజీకి కుదించుకుంటే చాలు.

మీ ప్రాంతపు పాట వేరేదైతే వెతకవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన, నాయని కృష్ణకుమారి జానపద గేయగాథలపై చేసిన పరిశోధన, తంగిరాల వెంకట సుబ్బారావు వీరగాథలపై చేసిన కృషి ముద్రిత పాఠాలకు మంచి ఆధారాలు. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో అడిగితే వీటిలో కొన్నయినా దొరుకుతాయి. ధ్వనిముద్రణల కోసమైతే వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయ జానపద గిరిజన విజ్ఞాన పీఠాన్ని, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని, ఆకాశవాణి కేంద్రాలను సంప్రదించాలి. గురుగ్రామ్‌లో ఇప్పుడున్న, 1982లో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ సంగీత భాండాగారం దేశంలోని అనేక ప్రాంతాల క్షేత్ర ముద్రణలను భద్రపరిచింది. ఇలాంటి సంస్థలకు ప్రధానోపాధ్యాయుడి సంతకంతో, ఏ తరగతికి ఏ పాఠంలో వాడదలిచారో స్పష్టంగా తెలిపే ఉత్తరం పంపండి. ‘ఏవైనా జానపద గేయాలు ఇవ్వండి’ అని రాసిన ఉత్తరం కన్నా ‘ఫలానా గాథ, ఫలానా ప్రాంతపు పాఠం’ అని అడిగిన ఉత్తరానికి పని త్వరగా జరుగుతుంది.

హక్కుల విషయంలో భయం అక్కర్లేదు, అజాగ్రత్త కూడా తగదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం బోధనా క్రమంలో ఉపాధ్యాయుడు, విద్యార్థులు చేసుకునే ప్రతులకు వెసులుబాటు ఇస్తుంది. అదే ముద్రణను మీరు యూట్యూబులో పెడితే అది బోధన కాదు, ప్రచురణ అవుతుంది. దానికి భాండాగారం అనుమతి, వీలైతే గాయకుల కుటుంబం అనుమతి ఉండాలి.

మూడో పని: పాటకు పుట్టుపూర్వోత్తరాల చీటీ

తరగతిలోకి ఏ పాట తెచ్చినా దానితో పాటు అరపేజీ చీటీ ఒకటి ఉండాలని నా నియమం. అందులో మూడు కాలాలు వేర్వేరుగా రాయాలి: సంఘటన జరిగిన కాలం, పాట పాడిన కాలం, పాటను కాగితం మీదనో టేపు మీదనో ఎక్కించిన కాలం. పాపడి విషయంలో మొదటిది ఇంచుమించు 1695 నుంచి 1710 వరకు, మూడోది 1874. నడుమ 164 ఏళ్లు ఉన్నాయి. ఆ 164 ఏళ్లలో ఎన్ని నోళ్లు మారి ఉంటుందో, ఎవరి ముందు పాడినప్పుడు ఏ మాట మారి ఉంటుందో ఊహించమని పిల్లలను అడగండి. నల్లబల్ల మీద ఒక గీత గీసి, ముత్తాత, తాత, తండ్రి, తాను అని తరాలు వేయిస్తే ఆ దూరం వాళ్లకు కళ్లకు కడుతుంది.

ఆ చీటీలోనే పాడినవాళ్లెవరు, ఎవరి ముందు పాడారు, సేకరించినవాళ్లెవరు, ఏ భాషలో అచ్చయింది అన్నవి కూడా ఉండాలి. ఆంగ్ల ప్రభుత్వ కాలంలో ఆంగ్ల పత్రిక పాఠకుల కోసం ఒక ఆంగ్లేయుడు ఎంచి అచ్చు వేయించిన పాట అన్న సంగతిని దాచకూడదు. సేకరించిన చేతికీ ఒక దృష్టి ఉంటుంది.

పాట జానపదమా, జానపద బాణీలో ఒకరు కట్టినదా అన్నది కూడా ఈ చీటీలో తేలాలి. తెలంగాణ రైతాంగ పోరాట కాలపు పాటల్లో ఈ చిక్కు ఎక్కువ. జనం నోట తరతరాలుగా వచ్చిందనుకునే ‘బండెనక బండి కట్టి’ పాట బండి యాదగిరి పేరుతో ప్రసిద్ధం, సుద్దాల హనుమంతు పాటలు కూడా అలాంటివే. ఇవి 1940లలో నిజాం పాలన మీద, దొరల వెట్టి మీద ఉద్యమంగా కట్టిన పాటలు. వీటిలో సంఘటనకూ పాటకూ నడుమ తరాల దూరం లేదు, రెండూ ఒకే కాలంవి. కాబట్టి వీటిని జ్ఞాపకంగా కాక, ఆ ఉద్యమం జనంతో ఎలా మాట్లాడిందో చెప్పే పత్రంగా చదివించాలి. రెండు రకాల పాటలకూ ఒకే ప్రశ్నలు వేస్తే పిల్లలు తికమకపడతారు.

నాలుగో పని: తరగతికి తగిన పాఠాన్ని తయారు చేయడం

పూర్తి వీరగాథ ఒక రాత్రంతా సాగుతుంది. తరగతికి ఇరవై నుంచి ముప్పై పంక్తులు చాలు. ఎంచుకునేటప్పుడు యుద్ధ వర్ణనల మోహంలో పడకండి. చరిత్రకు పనికొచ్చేవి తరచుగా చిన్న వివరాలే: ఎవరి పేర్లు వచ్చాయి, ఏ ఊళ్లు వచ్చాయి, ఏ పనిముట్లు, ఏ పన్నులు, ఏ నాణేలు వచ్చాయి. మాటలను ‘శుద్ధి’ చేయవద్దు. మాండలికాన్ని పాఠ్యపుస్తక భాషలోకి మారిస్తే ఆ పాట ఏ నేలదో చెప్పే గుర్తులు చెరిగిపోతాయి. కష్టమైన మాటలకు పేజీ అంచున అర్థాలు ఇస్తే సరిపోతుంది, అందులో కొన్నింటిని ఖాళీగా వదిలి ఇంట్లో పెద్దలను అడిగి రమ్మంటే ఇంకా మంచిది.

పాత పాటల్లో కులం పేరుతో కించపరిచే మాటలు, స్త్రీలను చిన్నబుచ్చే మాటలు వస్తాయి. వాటిని గుట్టుగా తీసేయడం కన్నా, ముందుగానే చదివి, ఏ పంక్తి తరగతిలోని ఏ పిల్లవాడికి గుచ్చుకోవచ్చో ఆలోచించి, అవసరమైతే ఆ పంక్తిని వదిలి, వదిలిన చోట చుక్కలు పెట్టి, ఎందుకు వదిలామో చెప్పడం నిజాయితీ. పెద్ద తరగతుల్లో ఆ మాటే చర్చాంశం కావచ్చు. తొమ్మిదో తరగతిలో కూడా అందరి ముందు ఒక పిల్లవాడిని చూపి ‘ఇది మీ వాళ్ల పాట కదా’ అనకూడదు. మంచి మనసుతో అన్నా ఆ మాట ఆ పిల్లవాడిని ఒంటరిని చేస్తుంది.

ఐదో పని: అయిదు పీరియడ్ల నడక

మొదటి పీరియడులో ఉపాధ్యాయుడు దాదాపు మౌనంగా ఉండాలి. పాట పేరు గానీ, కథానాయకుడెవరో గానీ చెప్పకుండా ముద్రణను వినిపించండి, ముద్రణ దొరకకపోతే బాణీ తెలిసిన వారి చేత పాడించండి. మొదటిసారి వినడమే. రెండోసారి వింటూ చెవికి తగిలిన పేర్లు, ఊళ్లు, వస్తువులు రాసుకోమనండి. మూడోసారి కాగితం చేతికిచ్చి వినిపించండి. వాద్యం ఏది, వంత పాడేవాళ్లు ఎంతమంది, ఎక్కడ శ్రోతలు నవ్వారు, ఎక్కడ నిశ్శబ్దమయ్యారు అన్నవి ముద్రణలో మాత్రమే వినిపించే ఆధారాలు. అచ్చులో అవి ఉండవు. పిల్లలు వీటిని ఉపాధ్యాయుడికన్నా ముందే పట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

రెండో పీరియడు పాట లోపలి లోకానిది. బోయల్ ప్రచురించిన పాఠంలో పాపడు గోల్కొండను కొట్టాలన్న తన కోరికను తల్లితో చెబుతాడు. ఇంటి కులవృత్తి కల్లుగీత, కొడుకు చూపు మాత్రం కోట మీద. ఇక్కడ ఆగి, వృత్తి మారడం ఆ కాలంలో ఎంత తేలిక, ఎంత కష్టం అని అడగండి. తర్వాత అనుచరుల జాబితాకు రండి. ఆ పాటలో పాపడి వెంట నడిచినవాళ్ల పేర్లు వరుసగా వస్తాయి. వాళ్లలో ముస్లింలు, దూదేకుల, చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల వాళ్లు ఉన్నారు. ఒక్కో పేరును ఒక్కో చీటీ మీద రాయించి, ఆ వృత్తి ఊరికి ఏం చేసేదో, దానికి బదులుగా ఏం పొందేదో జట్లుగా చర్చించమంటే, పద్దెనిమిదో శతాబ్దపు తెలంగాణ పల్లె నిర్మాణం మొత్తం బల్ల మీద పరుచుకుంటుంది. జాబితాలో ఎవరు లేరు అన్న ప్రశ్న కూడా తప్పక వేయాలి. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన అరగంట ఇదే, అందుకే దీన్ని తొందరపెట్టవద్దని మరీ మరీ చెబుతాను.

మూడో పీరియడులో పత్రం వస్తుంది. ఖాఫీ ఖాన్ రాసిన దాని ప్రకారం పాపడు దారిదోపిడీలతో మొదలుపెట్టి, నేటి ఖిలాషాపూర్ అయిన షాపూర్‌లో కోట కట్టుకున్నాడు, 1708లో మొహర్రం రోజుల్లో వరంగల్ మీద పడి దోచుకుని, ఊరి పెద్ద కుటుంబాల స్త్రీలను, పిల్లలను బందీలుగా తీసుకుపోయాడు, అదే ఏడాది భువనగిరి మీద దాడి చేశాడు. 1709లో హైదరాబాదు వచ్చిన చక్రవర్తి బహదూర్ షా అతనికి గౌరవ వస్త్రం ఇచ్చాడు. దీనిపై పెద్దల నుంచి ఫిర్యాదులు రావడంతో మొఘల్ సైన్యం మళ్లీ కదిలింది. చివరికి 1710లో అతన్ని పట్టుకుని చంపారు. ఈ పేజీని పిల్లలకిచ్చి రెండు రంగుల పెన్సిళ్లతో గీతలు గీయమనండి: జరిగిందని రచయిత చెబుతున్నది ఒక రంగు, రచయిత అభిప్రాయం మరో రంగు. పత్రంలోనూ కోపం, అసహ్యం, ఒక వర్గపు భయం ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. పాటకు పక్షపాతం ఉందని సులువుగా అనే పిల్లలు, రాతప్రతికి కూడా పక్షపాతం ఉంటుందని గ్రహించే క్షణం ఇది.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. తమ ఊరి వీరుడిని దోపిడీదారు అన్నారని కొందరు పిల్లలు నొచ్చుకుంటారు, తల్లిదండ్రులు కూడా అడగవచ్చు. అప్పుడు వీరుడా, దొంగా అని తీర్పు చెప్పే బాధ్యతను ఉపాధ్యాయుడు నెత్తిన వేసుకోకూడదు. వరంగల్‌లో బందీ అయిన స్త్రీకి అతను ఎవరు, పన్ను కట్టలేని గీత కార్మికుడికి అతను ఎవరు అని ఇద్దరి వైపు నుంచీ రాయించాలి. బందీల బాధను తక్కువ చేసి వీరగాథను ఎత్తడం గానీ, జనం ప్రేమను మూఢత్వంగా కొట్టిపారేయడం గానీ తరగతిలో జరగకూడదు.

పేరు కూడా ఒక పత్రమే. పారశీక రచన అతన్ని ఒక పేరుతో పిలిచింది, పాట పాపడు అంది, నేటి తెలంగాణలో అతను సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్. ఈ మూడు పిలుపుల మధ్య మూడు శతాబ్దాల సామాజిక మార్పు ఉంది. గౌరవవాచకం ఎప్పుడు, ఎవరి వల్ల వచ్చి చేరుతుంది అని అడిగితే తొమ్మిదో తరగతి పిల్లలు అద్భుతంగా మాట్లాడతారు.

నాలుగో పీరియడు పటం మీద. హైదరాబాదు, భువనగిరి, జనగామ ప్రాంతం, వరంగల్ గుర్తు పెట్టించి కలపమనండి. ఇవన్నీ ఒకే దారి మీద వరుసగా పడతాయి. గోల్కొండ పతనం తర్వాత ఆ రహదారి మీద వర్తకుల సరుకు ఎవరి రక్షణలో నడిచింది, 1707 తర్వాత వారసత్వ పోరులో సుబేదార్ల (మొఘల్ రాష్ట్రాధిపతుల) చూపు ఎటు ఉంది అన్న ప్రశ్నలు పటం చూసినప్పుడే పుడతాయి. అంతవరకు ఒక మనిషి సాహసంగా కనిపించిన కథ, బలహీనపడిన పాలనకూ ఒక వాణిజ్య మార్గానికీ ముడిపడిన పరిణామంగా కనిపిస్తుంది. వీలున్న పాఠశాలలు ఆ రోజే కోటకు నడిచి వెళ్లవచ్చు. వెళ్లినప్పుడు రాళ్ల మధ్య తవ్వవద్దని, ఏదీ ఇంటికి తేవద్దని ముందే చెప్పాలి.

అయిదో పీరియడు రాతకు. ప్రతి విద్యార్థి ఒక పేజీ రాస్తాడు: మొదటి రోజు వేసిన ప్రశ్నకు తన జవాబు, దానికి పాట నుంచి రెండు ఆధారాలు, పత్రం నుంచి రెండు ఆధారాలు, రెంటిలోనూ దొరకని సంగతి ఒకటి. ఈ చివరి అంశం తప్పనిసరి. పాపడి తల్లి ఏమనుకుందో, అతని భార్య ఏమైందో మనకు ఏ ఆధారం చెబుతుంది అని వెతికి, దొరకలేదని రాయగలగడం కూడా చరిత్ర నేర్వడమే.

తేదీ లేని పాటలకు తేదీ కనుక్కోవడం

వీరగాథల్లో పేర్లుంటాయి కాబట్టి కాలం తేల్చవచ్చు. కరువు పాటల్లో చాలాసార్లు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటుంది. మన అరవై సంవత్సరాల చక్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. 1987 ఉగాదితో ప్రభవ మొదలైంది. ధాత పదోది కాబట్టి 1996, దానికి అరవై తీస్తే 1936, ఇంకో అరవై తీస్తే 1876. రాయలసీమను తుడిచిపెట్టిన ధాత కరువు 1876-78 నాటిది. నందన ఇరవై ఆరోది, కాబట్టి 2012, 1952, 1892, 1832. గుంటూరు ప్రాంతంలో లక్షకు పైగా ప్రాణాలు తీసిన నందన కరువు 1832-33 నాటిది. 1952 నందనలో కూడా రాయలసీమలో కరువు వచ్చి గంజి కేంద్రాలు నడిచాయి. అంటే సంవత్సరం పేరు ఒక్కటే సరిపోదు. పాటలో రైలు ప్రస్తావన ఉంటే అది 1832 కాజాలదు, ఎందుకంటే దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో నడిచింది. ఇలా లోపలి గుర్తులతో తేదీని ఇరుకు చేసుకుంటూ పోవడం పిల్లలకు గణితంలా రుచిస్తుంది. హైదరాబాదు రాజ్యపు పాటల్లో, పత్రాల్లో ఫసలీ (రెవెన్యూ లెక్కల) సంవత్సరం వస్తే దానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుందని కూడా నేర్పండి.

ధాత కరువు పాటకు ఎదురు పెట్టడానికి ప్రభుత్వ పత్రాలు పుష్కలంగా ఉన్నాయి. ఆంగ్ల ప్రభుత్వ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనిలో ఉన్నవాళ్ల కూలిని రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యానికీ స్వల్ప నగదుకూ కుదించాడు. ఆ రోజుల్లో కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ భాగాలను తవ్వించారు. 450 గ్రాముల బియ్యాన్ని తరగతిలో తూచి చూపించి, రోజంతా మట్టి మోసే మనిషికి ఇది చాలునా అని అడిగిన తర్వాత పాట వినిపించండి. ఆ క్రమం తారుమారు చేయవద్దు.

మీ జిల్లాకు ఏ పాట

విజయనగరం, బొబ్బిలి ప్రాంతాల వాళ్లకు 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం సిద్ధంగా ఉంది. ఆ యుద్ధాన్ని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ తన గ్రంథంలో వర్ణించాడు కాబట్టి గాథకు జోడు పత్రం దొరుకుతుంది, ఫ్రెంచి సేనాని బుస్సీ పాత్ర ద్వారా యూరోపియన్ల పోటీ పాఠం కూడా కలుస్తుంది. కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో 1847లో కోయిలకుంట్లలో ఉరితీతకు గురైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటను, పాలెగాళ్ల వ్యవస్థను దత్తమండలాల్లో (నేటి రాయలసీమ ప్రాంతంలో) ఆంగ్ల అధికారి మన్రో అణచిన తీరుతో కలిపి చెప్పవచ్చు. పల్నాటి వీరగాథ పన్నెండో శతాబ్దానిది, కాలదూరం మరీ ఎక్కువ కాబట్టి కారంపూడి వీరుల తిరునాళ్లతో మొదలుపెట్టి వెనక్కి నడవడం మేలు. ఆదిలాబాదు వైపు గోండుల గాథలను కీక్రీ అనే తీగవాద్యం వాయిస్తూ పర్ధానులు అనే గాయకులు పాడతారు. అక్కడ పాట గోండి భాషలో ఉంటుంది, ఆ భాష తెలిసిన పిల్లవాడే ఆ రోజు తరగతికి అనువాదకుడు కావాలి.

వీరులు లేని పాటలను మరువకండి. తిరగలి పాటలు, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు ఆడవాళ్ల శ్రమ, పుట్టింటి దూరం, ధాన్యం ధర, కాపురపు కష్టం చెబుతాయి. వీటికి తేదీ తేల్చడం దాదాపు అసాధ్యం. అందువల్ల వీటిని ఒక సంఘటనకు కాక ఒక జీవన విధానానికి ఆధారంగా చదివించాలి: ఊరికి పిండిమర ఎప్పుడు వచ్చింది, అది వచ్చాక ఏ పాట ఆగిపోయింది అని అమ్మమ్మలను అడిగి రమ్మంటే ఆ ఊరి సాంకేతిక చరిత్రలో ఒక తేదీ దొరుకుతుంది.

పిల్లలే సేకరించడం

భాండాగారపు పాట విన్న తర్వాతే పిల్లలను సేకరణకు పంపాలి. ఏం రాసుకోవాలో, ఏం అడగాలో అప్పటికి తెలిసి ఉంటుంది. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఒకరు మాట్లాడితే ఒకరు ఫోను చూసుకోవాలి. ఫ్యాను ఆపి, ఫోనును మడతపెట్టిన తువ్వాలు మీద, పాడేవారికి మూరెడు దూరంలో ఉంచాలి. ముద్రణ మొదట్లోనే తేదీ, ఊరు, పాడుతున్నవారి పేరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది గొంతుతో చెప్పించాలి. కాగితం పోయినా ఆ వివరం పాటతోనే ఉంటుంది. ఫైలును వాట్సాపులో ఆడియోగా పంపితే నాణ్యత తగ్గవచ్చు, కేబుల్ ద్వారా పాఠశాల కంప్యూటర్‌లోకి ఎక్కించి, మరో రెండు చోట్ల ప్రతులు ఉంచాలి.

అనుమతి మాటవరసకు అడిగేది కాకూడదు. ‘అవ్వా, ఇది తరగతిలో వినిపిస్తం, బయట పెట్టం, వద్దంటే తీసేస్తం’ అని ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఆమె జవాబును కూడా ధ్వనిముద్రణ చేయాలి. చావు పాటలు, పూజకు సంబంధించిన పాటలు కొందరు వేళ కాని వేళ పాడరు, బలవంతం చేయకూడదు. పాడడమే జీవనమైన కథకులను బడికి పిలిచినప్పుడు ప్రశంసాపత్రం, శాలువాతో సరిపెట్టడం అన్యాయం. దారి ఖర్చు, ఒక రోజు సంపాదన ఇవ్వలేని స్థితిలో ఉంటే పిలవకుండా మనమే వాళ్ల దగ్గరికి వెళ్లడం మర్యాద.

మూల్యాంకనం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఫార్మేటివ్ పరీక్షల ప్రాజెక్టు పనిగా దీన్ని లెక్కించవచ్చు. గొంతు బాగుందని మార్కులు వేయకండి. పుట్టుపూర్వోత్తరాల చీటీ పూర్తిగా ఉందా, ఆధారానికీ అభిప్రాయానికీ తేడా చూపాడా, తెలియనిదాన్ని తెలియదన్నాడా అన్న మూడే చూడండి.

చివరి పని తిరిగి ఇవ్వడం. పిల్లలు రాసిన పాఠాన్ని పాడినవారి ఇంటికి తీసుకెళ్లి చదివి వినిపించండి. వాళ్లు తప్పులు దిద్దుతారు, మరచిన చరణాలు గుర్తు చేసుకుంటారు, రెండో ముద్రణ చాలాసార్లు మొదటిదానికన్నా నిండుగా ఉంటుంది. పాడినవారు ఒప్పుకుంటే దిద్దిన పాఠాన్ని, ఫైళ్లున్న పెన్‌డ్రైవును, చీటీలతో సహా ఒక కవరులో పెట్టి, మీద ఊరు, సంవత్సరం, తరగతి రాసి, ఒక ప్రతిని పాడినవారి కుటుంబానికి, ఒకటి పాఠశాల గ్రంథాలయానికి, మరొకటి తెలుగు విశ్వవిద్యాలయ జానపద విభాగానికి పంపండి. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి తన మొదటి పీరియడులో వినే పాట ఆ కవరులోనిదే కావచ్చు.